నర్సు భోజనానికి వెళ్తే ఆ బెడ్లు ఎవరు చూస్తారు?

24 పడకల వార్డు. పగటి షిఫ్టు ఉదయం 7 నుంచి రాత్రి 7 వరకు. నలుగురు స్టాఫ్ నర్సులు, తలా 6 బెడ్లు. ఒక్కొక్కరికి అరగంట భోజనం, రెండు పావుగంటల విరామాలు అనుకుంటే మనిషికి గంట, నలుగురికి కలిపి నాలుగు గంటలు. అంటే 12 గంటల షిఫ్టులో మూడోవంతు సేపు ఆ వార్డు ముగ్గురితోనే నడవాలి. ఆ సమయంలో మిగిలిన ముగ్గురూ తలా 8 బెడ్లు పంచుకోవాలి, లేదంటే ఆమెకు జోడీగా వేసిన నర్సు ఒక్కతే 12 బెడ్లు చూడాలి. రోస్టర్‌లో 'ఒకరికి ఆరుగురు' అని రాసుకున్న నిష్పత్తి ఆ నాలుగు గంటలూ ఉండదు. ఎవరూ సెలవు పెట్టని మంచి రోజు లెక్కే ఇలా ఉంది.

ఇక ఒకరు రాని రోజు చూడండి. ముగ్గురికి తలా 8 బెడ్లు. అందులో ఒకరు తినడానికి వెళ్తే మిగిలిన ఇద్దరికీ తలా 12. ఆ పన్నెండు మందిలో అప్పుడే ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చినవారు ఒకరు, రక్తం ఎక్కుతున్నవారు ఒకరు ఉన్నారంటే వెళ్ళాల్సిన నర్సుకే కాళ్ళు కదలవు. "మీరు కానివ్వండి, నేను తర్వాత వెళ్తాలే" అంటుంది. ఆ 'తర్వాత' సాయంత్రం 5 దాకా రాదు. దీన్ని మెచ్చుకునేవాళ్ళు సేవాభావం అంటారు, తప్పుపట్టేవాళ్ళు పని సర్దుకోవడం రాదంటారు. రెండు మాటలూ అసలు విషయాన్ని దాటేస్తాయి. భోజన విరామానికి ముందుగా కావలసింది ఖాళీ అరగంట కాదు, పేషెంట్లను పేరుపేరునా అప్పజెప్పించుకునే ఇంకో నర్సు. ఆ నర్సు ఎవరో షిఫ్టు మొదట్లోనే తేలకపోతే గోడ మీద ఎన్ని టైంటేబుళ్ళు అతికించినా ఎవరూ సమయానికి తినరు.

ఇది ఒక వార్డుకో ఒక ఊరికో పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో 393 మంది నర్సుల చేత రోజువారీ డ్యూటీ వివరాలు రాయించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పేషెంట్ల బాధ్యత పూర్తిగా వదిలి విరామం తీసుకోగలిగిన షిఫ్టులు సగం కూడా లేవు.

చట్టం దేన్ని విరామం అంటుంది

నియమాలు దేశానికొకటిగా ఉన్నా అన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. తినే సమయంలో ఆ మనిషి పని బాధ్యత నుంచి పూర్తిగా బయటపడిందా లేదా?

అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం భోజన విరామానికి జీతం ఇవ్వక్కర్లేదనాలంటే అది మామూలుగా 30 నిమిషాలకు తక్కువ కాకూడదు, ఆ సేపూ ఉద్యోగికి ఏ పనీ ఉండకూడదు. తింటూ ఫోన్ ఎత్తాల్సి ఉన్నా, మానిటర్ మీద కన్నేసి ఉంచాల్సి ఉన్నా అది పని కిందికే వస్తుంది, జీతం ఇవ్వాల్సిందే. 5 నుంచి 20 నిమిషాల చిన్న విరామాలను ఎటూ పనివేళల్లోనే లెక్కేయాలి. బ్రిటన్‌లో 1998 నాటి పనివేళల నిబంధనలు ఆరు గంటలు దాటిన పనికి కనీసం 20 నిమిషాల ఎడతెగని విరామం ఇవ్వమంటాయి. ఆసుపత్రుల్లాంటి చోట ఆ సమయానికి కుదరకపోతే దానికి సమానమైన విశ్రాంతి తర్వాత ఇవ్వాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో నర్సుల కోసం చేసిన 157వ సిఫారసులోనూ భోజన విరామం, విశ్రాంతి విరామం వేర్వేరుగా ఉన్నాయి. విశ్రాంతి విరామాలను పనివేళల్లో భాగంగానే చూడమని అందులో ఉంది.

నర్సుల విషయంలో చాలా ముందుకు వెళ్ళింది అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం. అక్కడ ఐదు గంటలు దాటిన పనికి అరగంట భోజన విరామం ఉండాలి, అదీ ఐదో గంట ముగిసేలోపు మొదలవ్వాలి. విరామం ఇవ్వకపోతే ఆ రోజుకు ఒక గంట జీతం అదనంగా ఇవ్వాలి. అయితే దీనికంటే పదునైన మాట నర్సు-పేషెంటు నిష్పత్తి చట్టంలో ఉంది. 1999లో చేసిన ఆ చట్టం 2004 నుంచి అమల్లోకి వచ్చింది. మెడికల్, సర్జికల్ వార్డుల్లో ఒక నర్సుకు 5 మంది, ఐసీయూలో ఇద్దరు, ఎమర్జెన్సీలో నలుగురు మించకూడదు. ఈ నిష్పత్తి 'అన్ని వేళలా' ఉండాలని, అంటే నర్సు భోజనానికి వెళ్ళిన అరగంట కూడా తప్పకూడదని నిబంధన. ఆసుపత్రుల యాజమాన్యాలు కోర్టుకెళ్ళినా అది నిలబడింది. ఇన్‌ఛార్జ్ నర్సును మామూలుగా నిష్పత్తి లెక్కలో కలపకూడదు. ఆమె స్వయంగా పేషెంట్లను చూస్తున్నప్పుడే, అంటే ఇంకొకరి విరామంలో వాళ్ళ బెడ్లు తీసుకున్నప్పుడు కూడా, లెక్కకొస్తుంది. పక్క నర్సు తన బెడ్లతో పాటు వీళ్ళ బెడ్లూ చూడటం అక్కడ చెల్లదు కాబట్టి విరామాల కోసమే రిలీవర్‌ను పెట్టుకోక తప్పని పరిస్థితి ఏర్పడింది.

ఒక రిలీవర్ ఎంతమందికి సరిపోతుంది

రిలీవర్ అంటే సొంతంగా బెడ్లు లేని నర్సు. ఒకరి తర్వాత ఒకరిని భోజనానికి పంపి వాళ్ళ పేషెంట్లను చూడటమే ఆమె పని. చాలాచోట్ల 'ఒక రిలీవర్ రెండు వార్డులకు చాలు' అని అంచనాగా అనేస్తారు. లెక్క వేస్తే అలా తేలదు.

అరగంట విరామం రిలీవర్‌కు అరగంట పని కాదు. ముందు 5 నిమిషాల అప్పగింత, తిరిగి వచ్చాక 5 నిమిషాల అప్పగింత కలిపితే 40 నిమిషాలు. పావుగంట విరామానికి అప్పగింతలు ఇంకా క్లుప్తం, రెండూ కలిపి 5 నిమిషాలు అనుకుంటే 20 నిమిషాలు పడుతుంది. 8 మంది నర్సులుంటే భోజనాలకు 320 నిమిషాలు, రెండేసి చిన్న విరామాలకు ఇంకో 320. మొత్తం 640. రిలీవర్ కూడా మనిషే కాబట్టి ఆమెకూ ఒక గంట. అంతా కలిపి 700 నిమిషాలు, షిఫ్టు మొత్తం 720. షిఫ్టు మొదటి గంట, ఆఖరి గంట అప్పగింతలతోనూ కొత్త పేషెంట్లను చూసుకోవడంతోనూ గడిచిపోతాయి, ఆ రెండు గంటల్లో ఎవరినీ విరామానికి పంపలేం. కాబట్టి ఎనిమిది మందికి ఒకరు అన్నది కాగితం మీద కూడా నిలవదు.

ఆరుగురికి ఒకరైతే 240, 240, సొంత గంట 60, మొత్తం 540 నిమిషాలు. మొదటి గంట, ఆఖరి గంట తీసేసినా ఇంకో గంట చేతిలో ఉంటుంది. ఎమర్జెన్సీ వచ్చినా, ఒక విరామం వెనక్కి జరిగినా ఆ గంటలో సర్దుకోవచ్చు. పెద్దాసుపత్రుల జనరల్ వార్డుల్లో ఆరుగురికి ఒకరు అన్నదే పనికొచ్చే లెక్క. పూర్తి షిఫ్టుకు మనిషిని ఇవ్వలేమంటే కనీసం ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 2:30 దాకా, నాలుగు గంటలకు అడగొచ్చు. 240 నిమిషాల్లో ఆరు భోజనాలు పడతాయి. చిన్న విరామాలు అప్పుడు జోడీల మీదే నడవాలి.

ఐసీయూలో ఈ లెక్క చెల్లదు. వెంటిలేటర్ మీద ఉన్న ఇద్దరిని చూస్తున్న నర్సు వెళ్తే పక్క నర్సు చేతికి నలుగురు వస్తారు. ఒకరి ట్యూబు ఊడినా మిగతా ముగ్గురి దగ్గర ఎవరూ ఉండరు. అక్కడికి రిలీవర్‌గా వచ్చేవాళ్ళకు ఆ యూనిట్ యంత్రాలు తెలిసి ఉండాలి. జనరల్ వార్డు నుంచి ఎవరినో పంపితే బెడ్ పక్కన మనిషి ఉన్నట్టు కనిపిస్తుంది, పని మాత్రం పక్క నర్సు మీదే పడుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో ఇంకో చిక్కు ఉంది. స్క్రబ్ నర్సు, అంటే సర్జన్‌కు పరికరాలు అందించే నర్సు, మారే ప్రతిసారీ గాజ్ గుడ్డలు, సూదులు, పరికరాల లెక్క ఇద్దరూ కలిసి చూసుకోవాలి. అందుకే లెక్క మధ్యలో ఉన్నప్పుడు, కుట్లు వేయడం మొదలయ్యాక మనిషిని మార్చరు.

ఏ సమయానికి పంపాలి

పేషెంట్ల పని గడియారం ప్రకారం నడుస్తుంది కనుక విరామాలను దాని సందుల్లో పెట్టాలి. 7 నుంచి 8 అప్పగింత. 8 నుంచి 10 దాకా ఉదయం మందులు, డాక్టర్ల రౌండ్లు, కొత్త ఆర్డర్లు. 12కి మళ్ళీ మందులు, భోజనానికి ముందు షుగర్ పరీక్షలు, ఇన్సులిన్. 2 గంటల మందులు. డిశ్చార్జీలు అయ్యాక సాయంత్రం అడ్మిషన్లు. నలుగురు నర్సుల వార్డులో భోజనాలు 10:45, 11:25, 12:50, 1:30 గంటలకు మొదలయ్యేలా వేస్తే మందుల వేళలు పెద్దగా తగలవు.

10:45కు ఎవరు తింటారని అభ్యంతరం వస్తుంది. 5 గంటలకు పొద్దున్నే లేచి బస్సెక్కి వచ్చిన మనిషికి అది తొందరేం కాదు. అసలు చిక్కు వేరే ఉంది. మొదటి నర్సు ఆలస్యమైతే మిగతా అందరూ జరుగుతారు, ఆఖరి ఆమెకు విరామమే మిగలదు. అందుకే మొదటి విరామం నిమిషం తప్పకుండా మొదలవ్వాలి. ఇన్‌ఛార్జ్ గట్టిగా పట్టుబట్టాల్సింది ఆ ఒక్కదాని మీద. ఆఖరి వంతు రోజూ ఒకరికే పడకుండా తిప్పడం మామూలు విషయంలా అనిపిస్తుంది గానీ, విరామాలు రాసుకున్న లాగ్ చూస్తే తరచుగా కొత్తగా చేరిన నర్సే ఆఖర్న ఉంటుంది. ఆమె అడగదు కాబట్టి.

మందుల విషయంలో భయం కొంత అనవసరం. అమెరికాలో మందుల వాడకంలో భద్రత కోసం పనిచేసే ఐఎస్‌ఎంపీ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకొకసారి ఇచ్చే మందులకు అటూ ఇటూ 2 గంటలు, రోజుకు రెండు మూడుసార్లు ఇచ్చేవాటికి అటూ ఇటూ గంట వెసులుబాటు ఉంది. వేళ తప్పకూడని మందులు వేరే జాబితాగా ఉంటాయి, వాటికి మాత్రం అరగంటే. మీ ఆసుపత్రి విధానం ఇంతకంటే కఠినంగా ఉంటే దాన్నే పాటించాలి. వెళ్ళబోయే నర్సు చూసుకోవాల్సింది ఆ చిన్న జాబితానే. మిగతావి తిరిగొచ్చాక కూడా వేళలోనే ఉంటాయి.

విరామానికి ముందు మొదలుపెట్టకూడని పనులు కొన్ని ఉన్నాయి. రక్తం ఎక్కించడం వాటిలో మొదటిది. తీవ్రమైన రియాక్షన్లు ఎక్కువగా మొదట్లోనే బయటపడతాయి కనుక మొదటి 15 నిమిషాలు పేషెంటును వదలకూడదు. విరామానికి అరగంట ముందు బ్లడ్ బ్యాంకు నుంచి బ్యాగు తెప్పించడం కూడా తప్పే. అది వార్డుకొచ్చాక వెంటనే మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో ముగించాలి, పక్కన పెట్టి తినడానికి వెళ్ళలేరు. రెండోది భోజనానికి ముందు ఇచ్చే ఇన్సులిన్. ఇన్సులిన్ చేసి నర్సు వెళ్ళిపోయింది, పేషెంటు ట్రే రాలేదు, లేదా వాంతి వస్తోందని తినలేదు. రిలీవర్‌కు ఆ సంగతి చెప్పకపోతే నర్సు తిరిగొచ్చేసరికి పేషెంటు చెమటలు పట్టి మగతలో ఉంటారు. మొదటిసారి ఇచ్చే యాంటీబయాటిక్ ఐవీ, అప్పుడే మోతాదు మార్చిన ఇన్ఫ్యూషన్ పంపు (నరంలోకి మందు ఎక్కించే యంత్రం) కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఐదు నిమిషాల అప్పగింత

"కాస్త నా బెడ్లు చూస్తూ ఉండు" అనడం అప్పగింత కాదు. అలా అన్నప్పుడు ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదో తేలదు, పైగా చూస్తున్న మనిషికి ఏం చూడాలో తెలియదు. బెడ్ దగ్గరికి నడిచి వెళ్ళి, ఒక్కో పేషెంటుకు నిమిషం లోపు చెప్పాలి. అందరి చరిత్రా అక్కర్లేదు. రాబోయే 40 నిమిషాలకు పనికొచ్చేదే చెప్పాలి: ఈ పేషెంటు ఎందుకున్నారు, ఇప్పుడు ఏం ఎక్కుతోంది, ఈలోపు ఏ మందు లేదా పరీక్ష ఇవ్వాలి, ఏది ఏ అంకె దాటితే డాక్టర్‌ను పిలవాలి, అలర్జీ ఉందా, పడిపోయే ప్రమాదం ఉందా. గుండె ఆగితే సీపీఆర్ చేయాలా వద్దా అన్న నిర్ణయం ఉన్న పేషెంటైతే అది మొదటి మాట కావాలి. స్థిరంగా ఉన్నవారిని ఒక్క వాక్యంతో దాటేసి, భయం ఉన్న ఇద్దరి దగ్గర ఎక్కువసేపు నిలబడితే ఆరు బెడ్లకూ ఐదు నిమిషాలు చాలు.

తర్వాత వార్డు ఫోన్, మత్తు మందుల అల్మారా తాళాలు చేతికి ఇచ్చేయాలి. విరామాలు తెగిపోవడానికి ఎక్కువగా కారణం ఫోనే. అది జేబులో ఉంటే ఫార్మసీ వాళ్ళు చేస్తారు, ల్యాబ్ వాళ్ళు చేస్తారు, పేషెంటు తరపువాళ్ళు కూడా అదే నంబరుకు చేస్తారు. తాళాలు తీసుకెళ్ళారంటే నొప్పితో ఉన్న పేషెంటు అరగంట ఆగాలి, లేదా ఎవరో వచ్చి తలుపు తట్టాలి. మత్తు మందులకు ఇద్దరి సంతకం కావాలి గనుక, ఒకరే మిగిలిపోయే వార్డుల్లో ఆ ఇంజెక్షన్లు విరామానికి ముందే చూసుకోవడం మంచిది.

ఇక అడ్మిషన్ల సంగతి. బెడ్లు కేటాయించే డెస్కుకు విరామాల వేళలు ముందే తెలియాలి. నర్సు లోపల తింటుండగా కొత్త పేషెంటు ఆమె బెడ్డుకు వస్తే, రిలీవర్ తీసుకోగలిగితే తీసుకోవాలి, లేకపోతే ఎమర్జెన్సీలో 20 నిమిషాలు ఆపమనే అధికారం ఇన్‌ఛార్జ్‌కు ఉండాలి. ఈ అధికారం రాతలో లేని చోట ప్రతి అడ్మిషనూ ఎవరో ఒకరి భోజనాన్ని తినేస్తుంది.

ఐసొలేషన్ గదుల్లో పనిచేసేవాళ్ళకు గౌను, మాస్కు, గ్లవ్స్ సరైన వరుసలో విప్పి, చేతులు కడుక్కుని, తిరిగి వేసుకోవడానికే పది నిమిషాలు పోతాయి. అరగంటలో తినడానికి మిగిలేది ఇరవై. వాళ్ళ విరామాన్ని 40 నిమిషాలుగా రాయడమే న్యాయం. ఈ శ్రమ తప్పించుకోవడానికే చాలామంది నీళ్ళు తాగడం మానేస్తారు. అది ఊరికే పోదు. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్‌లో 88 మంది నర్సులు, డాక్టర్లను పరీక్షించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, షిఫ్టు మొదలయ్యేటప్పటికే 36 శాతం మంది ఒంట్లో నీరు తగ్గి ఉన్నారు, ముగిసేటప్పటికి అది 45 శాతం. నీరు తగ్గినవారిలో జ్ఞాపకశక్తి పరీక్షల ఫలితాలూ తగ్గాయి. మందు మోతాదు లెక్కగట్టేది ఆ బుర్రతోనే. స్టేషన్ టేబుల్ మీద శాంపిల్స్ పక్కన తినడం, తాగడం ఇన్ఫెక్షన్ నియమాలకు విరుద్ధం కనుక, వార్డుకు దగ్గర్లో శుభ్రమైన చోట నీళ్ళ సీసాలు పెట్టుకునే ఏర్పాటు ఆసుపత్రే చేయాలి.

రాత్రి, ఇద్దరే ఉన్నప్పుడు

నైట్ డ్యూటీలో 24 మందికి ఇద్దరే ఉంటే ఒకరు వెళ్ళగానే రెండో ఆమె ఒంటరి. ఒక పేషెంటు బాత్‌రూంలో పడిపోతే లేపడానికి ఇద్దరు కావాలి. గుండె ఆగితే ఒకరు సీపీఆర్ చేస్తుండగా ఇంకొకరు ట్రాలీ తేవాలి. ఇలాంటి వార్డులో లోపలి సర్దుబాటుతో సరైన విరామం సాధ్యం కాదు. నైట్ సూపర్‌వైజరో, పక్క వార్డు నుంచి ఒకరో వచ్చి కూర్చోవాలి. 'అవసరమైతే ఫోన్ చెయ్యి' అన్నది దీనికి బదులు కాదు.

వేళలు చూస్తే, 10 గంటల మందుల పని ముగిశాక 11:30 నుంచి 3:30 మధ్య విరామాలు పెట్టుకోవాలి. 5 నుంచి రక్త నమూనాలు, ఉదయం పనులు మొదలవుతాయి. కునుకు తీయడానికి అనుమతి ఉన్న చోట 20 నిమిషాలకు అలారం పెట్టుకోవడం మేలు. అంతకు మించి పడుకుంటే గాఢనిద్రలోంచి లేవాల్సి వస్తుంది, ఆ మత్తు అరగంట దాకా ఉండొచ్చు. లేచిన వెంటనే ఇన్ఫ్యూషన్ రేటు లెక్కలు పెట్టుకోకుండా ముందు ఒక రౌండ్ తిరిగి రావాలి.

ఏ లెక్కా పనిచేయని రోజు

ఇద్దరు రాని పగటి షిఫ్టులో పైన చెప్పినవేవీ పూర్తిగా నడవవు. అలాంటి రోజున ఇన్‌ఛార్జ్ ముందు ఎవరిని పంపాలో ఎంచుకోవాలి. గర్భిణులు, షుగర్ ఉన్నవారు, పీపీఈలో ఉన్నవారు ముందు. ఆ తర్వాత చివరిసారి తిని ఎక్కువ సేపైనవారు. అరగంట కుదరకపోతే రెండు పావుగంటలుగా విడగొట్టవచ్చు. చట్టం దాన్ని భోజన విరామంగా ఒప్పుకోకపోవచ్చు గానీ కడుపుకు పనికొస్తుంది. అది కూడా కుదరకపోతే కనీసం నీళ్ళు, టాయిలెట్ కోసం ఐదేసి నిమిషాలు, అదీ అప్పగించి.

"తిన్నావా?" అని అడిగితే "ఆ, తర్వాత తింటాను సిస్టర్" అనే జవాబు వస్తుంది. "నీ బెడ్లు నాకు చెప్పి వెళ్ళమ్మా, 11:25 అయింది" అంటే వెళ్తుంది. ఇన్‌ఛార్జ్ తనే బెడ్లు తీసుకోవడం రోజూ చేయలేరు, ఇలాంటి రోజు చేయాలి.

ఆ రోజును రాతలో పెట్టడం అంతకంటే ముఖ్యం, ఎందుకంటే చాలా ఆసుపత్రుల్లో జీతాల సాఫ్ట్‌వేర్ ప్రతి షిఫ్టు నుంచీ అరగంట దానంతటదే కోసేస్తుంది. విరామం దొరకలేదని నర్సు విడిగా ఫారం నింపితే తప్ప ఆ అరగంట తిరిగి రాదు. డ్యూటీ దిగేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది, ఎవరూ నింపరు. నింపితే సణుగుడు మనిషనే పేరొస్తుందని కొందరు నింపరు. నెలాఖరుకు యాజమాన్యం చేతికి వచ్చే కాగితంలో విరామాలన్నీ సక్రమంగా జరిగినట్టు ఉంటుంది. దాన్నిబట్టి మనుషులు సరిపోతున్నారని తేలుతుంది, వచ్చే ఏడాది రోస్టర్ కూడా అదే సంఖ్యతో వస్తుంది. ఊరికే వదిలేసిన అరగంటలే కొరతను దాచిపెడుతున్నాయి.

అందుకే వార్డులో ఒక చిన్న లాగ్ పెట్టుకోవాలి, షిఫ్టుకు ఒక పేజీ. ఉండాల్సిన నర్సులు, వచ్చిన నర్సులు, పేషెంట్ల సంఖ్య. తర్వాత ఒక్కో నర్సుకు కేటాయించిన వేళ, వెళ్ళిన వేళ, వచ్చిన వేళ, రిలీవర్ ఎవరు, విరామం తెగితే ఎందుకు. కారణాలను వాక్యాల్లో రాయించవద్దు, నాలుగు కోడ్‌లు చాలు: రిలీవర్ లేరు, ఎమర్జెన్సీ, అడ్మిషన్, తనే వద్దనుకుంది. పేషెంటు కేస్ షీట్‌లో మాత్రం ఈ సంగతులు రాయకూడదు, అది పేషెంటు రికార్డు. ఆలస్యం వల్ల మందు తప్పినా, పేషెంటుకు హాని జరిగినా ఇన్సిడెంట్ రిపోర్టు విడిగా ఇవ్వాలి.

నాలుగు వారాల పేజీలు పక్కపక్కన పెట్టి చూస్తే మూడు రకాల అమరికలు కనిపిస్తాయి. రోజూ ఒకే వేళకు విరామాలు తెగుతుంటే తప్పు టైంటేబుల్‌ది, ఆ వేళను జరపాలి. ఎప్పుడూ ఒకరికే పోతుంటే బెడ్ల పంపకం చూడాలి, ఆమెకు బరువైన పేషెంట్లు పడుతున్నారు లేదా ఆమె వద్దనుకుంటోంది. అన్ని వేళల్లో అందరికీ పోతూ, 'రిలీవర్ లేరు' అన్న కోడ్ ఎక్కువగా ఉంటే అది మనుషుల కొరత, ఎంత సర్దినా తీరదు. ఈ మూడో సందర్భంలో సమావేశానికి వెళ్ళేటప్పుడు 'స్టాఫ్‌ను పెంచండి' అని అడిగితే 'చూస్తాం' అంటారు. ఎన్ని షిఫ్టుల్లో ఎన్ని విరామాలు పోయాయో, వాటికి ఎన్ని గంటల జీతం కోసేశారో లాగ్‌లోంచి కూడి, దాని పక్కన 10:30 నుంచి 2:30 దాకా ఒక రిలీవర్‌కు అయ్యే నాలుగు గంటల ఖర్చు రాసి పెట్టండి. రెండు అంకెలూ ఒకే కాగితం మీద ఉండాలి.